14416 టెలీ మానస్: ముంపు ఊళ్ళలో ఎంతవరకు పనికొస్తుంది?

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లి ఊళ్ళ మీద పడినప్పుడు ఈ నంబరు లేదు. ఇది మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సహాయ నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఈసారి వరదొస్తే కడప, కర్నూలు వైపు సేవకు దిగేవాళ్ళు దీన్ని ఎప్పుడు వాడాలో తెలిసి ఉండాలి.

వాడటం తేలిక. 24 గంటలూ ఉంటుంది, ఖర్చు లేదు. తెలుగు ఎంచుకుంటే కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరాన్ని బట్టి డాక్టరుకు కలుపుతారు. అవతల ఉన్నది ఊరి మనిషి కాదు. ఫ్యాక్షన్‌లో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు; ఏ మాట ఎవరి చెవిన పడుతుందోనన్న భయంతోనే అక్కడ నోళ్ళు పెగలవు.

వరద వచ్చిన తొలి రోజుల్లో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. సిగ్నల్ ఉండదు, ఫోన్లు నీళ్ళపాలు. అప్పుడు కావలసింది తాగునీళ్ళు, పొడి బట్టలు, తనవాళ్ళ కబురు. పక్కన కూర్చుని, చెప్పినంత వినాలి. 'జరిగిందంతా చెప్పమ్మా' అని తవ్వితే మేలు జరగదు. నిద్ర పట్టలేదంటే డయాజిపామ్ లాంటి మత్తు మాత్రలు ఇప్పించొద్దు. తొలి నెలలో అవి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మన మెడికల్ షాపుల్లో అడిగితే చాలు ఇచ్చేస్తారు, అదే తంటా.

ఫోన్‌తో తెగనివి ఇంకా ఉన్నాయి. మూర్ఛ మాత్రలు వరదలో పోతే ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావొచ్చు. శిబిరానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ 'రోజూ వేసుకునే మాత్రలున్నాయా' అని అడిగి పీహెచ్‌సీ నుంచి తెప్పించండి. రోజూ తాగేవాడికి మందు దొరక్కపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, లేనివి కనబడతాయి. చూసినవాళ్ళు భయంతో అలా అయ్యాడనుకుంటారు. వెంటనే 108 పిలవాలి.

14416 బలం తెలిసేది రెండో వారం నుంచి. చుట్టాలు వెళ్ళిపోతారు, పరిహారం జాబితాలో పేరు కనబడదు. జాబితా సంగతి కౌన్సెలర్ చేతిలో లేదు, ముందు గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టించండి. ఆ తర్వాతా తిండి, నిద్ర లేకుండా పనికి పోలేకపోతుంటే ఫోన్ చేయించండి. నెల దాటినా తగ్గకపోతే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళాలి. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు: అప్పుడే కలపండి, ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు డబ్బాలు తీసేయండి.

ముంపు ఊళ్ళకు మా మార్కు ఐదుకు మూడున్నర. ఒక జాగ్రత్త: ఫోన్ కలిపిచ్చి దూరంగా జరగండి, శిబిరం మధ్యలో స్పీకర్ పెట్టి మాట్లాడించొద్దు.