కొలోన్: రైలు మారే గంటలో చూసేది కాదు

జర్మనీలోని కొలోన్ స్టేషన్ నుంచి బయటికి రాగానే ఎదురుగా డోమ్, అంటే ఊరి పెద్ద చర్చి. మెడ ఎంత వెనక్కి వాల్చినా శిఖరాల కొన కంటికి ఆనదు, 157 మీటర్ల ఎత్తు మరి. చాలామంది రైలు మారే గ్యాప్‌లో లోపలికెళ్లి నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. మొదటిసారి నేనూ అంతే. ఈసారి అమ్మతో వెళ్లి రెండు రోజులు ఉన్నాను.

1248లో మొదలైన గుడి 1880కి గానీ పూర్తి కాలేదు. మధ్యలో పని ఆగిపోయి, సగం లేచిన గోపురం మీద క్రేన్ వందల ఏళ్లు అలాగే ఉండిపోయింది. "పునాది వేసినవాళ్ల మనవలు కూడా చూడలేదన్నమాట" అంది అమ్మ.

పెద్ద సూట్‌కేసులతో లోపలికి రానివ్వరు. స్టేషన్‌లోని లగేజీ లాకర్లో పెట్టి వెళ్లండి. ప్రార్థన జరిగేటప్పుడు తిరగనివ్వరు కాబట్టి ఆదివారం పొద్దున పెట్టుకోవద్దు.

మధ్యాహ్నం వేళ దక్షిణం వైపు కిటికీ దగ్గర ఉండండి. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ డిజైన్‌తో 2007లో పెట్టిన ఆ కిటికీలో 72 రంగుల చదరపు గాజు పలకలు 11 వేలకు పైగా ఉన్నాయి. మెదక్ చర్చి అద్దాల్లో క్రీస్తు కథ బొమ్మలుగా చూసిన అమ్మకి, బొమ్మే లేని ఈ కిటికీ మొదట నచ్చలేదు. ఇంతలో ఎండ వచ్చింది. పక్క స్తంభం మీద ఎరుపు, పసుపు, నీలం ముక్కలు పరుచుకున్నాయి. అమ్మ చెయ్యి చాపి అరచేతిలో రంగులు పట్టుకుంది. ఓ పావుగంట అక్కడి నుంచి కదల్లేదు.

గోపురం ఎక్కాలంటే 533 మెట్లు, లిఫ్ట్ లేదు. ఇరుకు మెట్ల మీదే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ. మోకాళ్ల నొప్పులుంటే వద్దు. దారిలో 24 టన్నుల గంటని చూడటం బాగుంటుంది. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది గానీ డోమ్ కనిపించదు కదా! దానికి రైన్ నది దాటి డాయిట్స్ ఒడ్డుకి వెళ్లాలి, అదీ చీకటి పడ్డాక.

మేం దిగింది కూడా డాయిట్స్‌లోనే. వంతెన మీద నడిచి వచ్చేయొచ్చు. కానీ ట్రేడ్ ఫెయిర్ రోజులు చూసుకోకుండా బుక్ చేశాను, గది రేటు మండిపోయింది. టిఫిన్ బ్రెడ్, చీజే. అమ్మ తెచ్చిన కారప్పొడి ఆదుకుంది.

డోమ్ కన్నా పాతవి, రోమనెస్క్ (గుండ్రటి కమానుల పాత శైలి) చర్చిలు ఊళ్లో 12 ఉన్నాయి. ఒక్కటే చూసే టైముంటే సాంక్ట్ మరియా ఇమ్ కాపిటోల్‌కి వెళ్లండి. 11వ శతాబ్దపు చెక్క తలుపుల మీద యేసు జీవితం చెక్కి ఉంటుంది. మడతల్లో పాత రంగు ఇంకా కనిపిస్తుంది. మేం వెళ్లినప్పుడు మనిషి లేడు, చప్పుడు లేదు. సాంక్ట్ గెరియోన్ చర్చి పది పక్కలున్న కట్టడం, దాని గోడల్లో రోమన్ల కాలపు రాయి ఉంది. సాంక్ట్ ఉర్సులాలో గోడల నిండా ఎముకలు పేర్చిన గది ఉంది. చిన్నపిల్లలుంటే ఆలోచించుకోండి.

వెళ్లే ముందు అమ్మ మళ్లీ ఆ కిటికీ చూద్దామంది. మబ్బు పట్టి ఉంది, స్తంభం మీద రంగు లేదు. ఎండ వస్తుందేమోనని రైలు ఒకటి వదిలేసుకున్నాం.