వంద మీటర్ల లోపల ఇల్లు: ఎన్‌ఓసీ, నిర్మాణ అనుమతి సేవలపై ఒక సమీక్ష

హనుమకొండలో వేయిస్తంభాల గుడి చుట్టూ ఇళ్లు, దుకాణాలు ఒత్తుగా ఉన్నాయి. ఖిలా వరంగల్‌లో, గోల్కొండలో అయితే కోట గోడల లోపలే జనం తరతరాలుగా కాపురం ఉంటున్నారు. ఇలాంటి చోట పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకోవాలన్నా, ఉన్న మిద్దె మీద మరో అంతస్తు వేసుకోవాలన్నా యజమాని రెండు గడపలు తొక్కాలి. మొదటిది కేంద్ర ప్రభుత్వ చట్టం కింద జాతీయ స్మారక చిహ్నాల ప్రాధికార సంస్థ పరిశీలించే నిరభ్యంతర పత్రం, అంటే అందరూ ఎన్‌ఓసీ అని పిలిచేది. రెండోది పురపాలక సంస్థ ఇచ్చే నిర్మాణ అనుమతి. కాగితం మీద ఇవి వేర్వేరు సేవలైనా, ఇల్లు కట్టుకునేవారికి రెండూ కలిస్తేనే ఒక పని పూర్తవుతుంది కనుక ఇక్కడ కలిపే సమీక్షిస్తున్నాను. మొదటిది కఠినమైనది, నిదానమైనది, అయినా తనకు ఏం కావాలో స్పష్టంగా చెబుతుంది. రెండోది చురుకైనది, మనిషిని నమ్మేది, కానీ తన ఎదుట ఉన్న ఇల్లు ఎలాంటిదో చూడదు.

ఎన్‌ఓసీకి మూలం 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ. కేంద్ర రక్షణలో ఉన్న ప్రతి కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. చాలామంది ఈ దూరాన్ని గుడి గర్భాలయం నుంచో, మీనార్ల పాదాల నుంచో కొలుచుకుని తమ ఇల్లు గీత అవతల ఉందని ధైర్యం తెచ్చుకుంటారు. కొలత మొదలయ్యేది అక్కడి నుంచి కాదు, రక్షిత ప్రాంతంగా ప్రకటించిన స్థలం సరిహద్దు నుంచి. కోటల విషయంలో ఈ తేడా వీధులకు వీధులనే లోపలికి లాగేస్తుంది. ఇస్రో సాయంతో తయారైన స్మారక్ అనే మొబైల్ యాప్‌తో స్థలం దగ్గరే నిలబడి హద్దులు గుర్తించి, అది ఏ ప్రాంతంలోకి వస్తుందో తెలుసుకునే వీలు కల్పించడం ఈ సేవలో నాకు బాగా నచ్చిన అంశం. టేపు పట్టుకుని వాదులాడుకునే అవస్థ అక్కడితో తీరుతుంది.

దరఖాస్తు పత్రాన్ని శ్రద్ధగా చదివితే దాన్ని తయారుచేసినవారికి మన ఇళ్ల సంగతి తెలుసని అర్థమవుతుంది. భవనం ఎత్తు ఎంత అని అడిగి ఊరుకోదు. మేడ మీద మెట్ల గది, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు కలుపుకుంటే ఎంత, కలపకపోతే ఎంత అని విడివిడిగా అడుగుతుంది. మన దగ్గర రెండంతస్తుల ఇల్లు అని గీసిన నమూనా చివరికి ఆకాశంలో కనిపించేది నల్ల ట్యాంకుతో, రేకుల షెడ్డుతో కదా. గుడి ప్రాంగణంలో నిలబడి తలెత్తి చూసేవారి కంటికి అడ్డం వచ్చేది కూడా అదే. కాబట్టి ఈ ప్రశ్న వేధింపు కాదు. నమూనా గీసే ఇంజినీరు అంతస్తుల ఎత్తు మాత్రమే రాసి పంపితే దరఖాస్తు ప్రశ్నలతో వెనక్కి వస్తుందని ముందే చెప్పి ఉంచడం మేలు.

నియంత్రిత ప్రాంతంలోని వారికి చట్టం గడువులను కూడా రాసిపెట్టింది. దరఖాస్తు అందుకున్న అధికారి 15 రోజుల్లో దాన్ని ప్రాధికార సంస్థకు పంపాలి. సంస్థ రెండు నెలల్లో తన అభిప్రాయం చెప్పాలి. ఆ తర్వాత నెల రోజుల్లో అధికారి అనుమతి ఇవ్వాలి లేదా నిరాకరించాలి, నిరాకరించే ముందు దరఖాస్తుదారు మాట వినాలి. అంటే అన్నీ సవ్యంగా జరిగినా సుమారు మూడున్నర నెలలు. అద్దె ఇంట్లో ఉంటూ సొంత ఇల్లు కట్టుకునే కుటుంబానికి ఇది తేలికైన కాలం కాదు. అనుమతి లేకుండా కడితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి కనుక దొడ్డిదారి వెతకడం తెలివైన పని కాదు.

అసలు చిక్కు నిషేధిత ప్రాంతంలోనివారిది. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న, లేదా ఆ తర్వాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టిన ఇంటికి మరమ్మతులు, పునరుద్ధరణ చేసుకునేందుకు మాత్రమే వారు దరఖాస్తు పెట్టుకోగలరు. ఉన్న కొలతల్లోనే మళ్లీ కట్టుకోవడాన్ని చట్టం మరమ్మతుగా లెక్కించదు. దాన్ని పునర్నిర్మాణంగా విడదీసి, మరమ్మతు నిర్వచనం నుంచి తప్పించింది. పెంకుటిల్లు పాడైందని పూర్తిగా నేలమట్టం చేసి ఆ తర్వాత అనుమతి కోసం వెళ్లిన యజమానికి మిగిలేది ఖాళీ స్థలమే. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంటికీ చేరేలా వార్డు కార్యాలయాల్లో బోర్డు పెట్టించి ఉంటే ఎంత నష్టం తప్పేదో.

ఒక కట్టడానికీ మరో కట్టడానికీ ఒకే దూరం ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. నిండు బజారు మధ్యనున్న చార్మినార్‌కు, ఊరి పొలిమేరలోని ఒంటరి శిథిలానికి ఒకే కొలబద్ద సరిపోదని చట్టం రాసినవారికీ తెలుసు; అందుకే ఒక్కో కట్టడానికి విడిగా ఉపనియమాలు తయారుచేయాలని అందులోనే ఉంది. చాలా కట్టడాలకు అవి ఇంకా ఖరారు కాలేదు. ఆ ఉపనియమాలు వచ్చేదాకా ఈ సేవకు పూర్తి మార్కులు వేయలేను.

ఇక పురపాలక సేవ. తెలంగాణలో నిర్మాణ అనుమతులు, స్వీయ ధ్రువీకరణ కోసం 2020లో వచ్చిన టీఎస్‌-బీపాస్‌ చట్టం సామాన్యుడికి చేసిన మేలు చిన్నది కాదు. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తులోపు ఇంటికి అనుమతితో పనిలేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు. అబద్ధం చెప్పి కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా అందులో ఉంది. నమ్మకానికి తగిన బాధ్యత పెట్టడం సబబే.

అయితే స్వీయ ధ్రువీకరణ కొలిచేది స్థలాన్ని, ఎత్తును, వదిలిన ఖాళీని. కూల్చబోయే ఇల్లు డంగు సున్నంతో, చెక్కిన టేకు స్తంభాలతో కట్టిన మండువా ఇల్లా, ముప్పై ఏళ్ల కిందటి స్లాబు ఇల్లా అన్న భేదం ఆ కొలతల్లో లేదు. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఈ లోటు ఇంతగా ఉండేది కాదు. హుడా, అంటే అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, 1981 జోనింగ్ నిబంధనలకు 1995లో చేర్చిన పదమూడో నిబంధన నూటికి పైగా భవనాలను, కొన్ని శిలా ప్రాంతాలను జాబితాలో పెట్టి, వాటిని కూల్చాలన్నా మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ సలహా తప్పనిసరి చేసింది. జాబితా జోనింగ్ నిబంధనల్లోనే ఉండడం వల్ల నిర్మాణ అనుమతి ఇచ్చే టౌన్ ప్లానింగ్ అధికారికి అది ఎదురుపడక తప్పేది కాదు. 2015లో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది, 2017లో వేరుగా వారసత్వ చట్టం తెచ్చింది. నా దృష్టిలో ఇది పొరపాటు నిర్ణయం. రక్షణ ఒక శాఖ దగ్గర, అనుమతి మరో శాఖ దగ్గర ఉంటే, అనుమతి ఇచ్చే బల్ల మీదకు భవనం చరిత్ర రాదు. కొత్త శాసనసభ భవనం కోసం హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ అనే పాత మహలును కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టివేయాల్సి రావడం గమనార్హం. అంత పేరున్న భవనానికే కోర్టు అవసరమైతే, గల్లీలోని పేరులేని దేవిడీ (పాతకాలపు పెద్ద లోగిలి) గురించి ఎవరు పిటిషన్ వేస్తారు?

నివాస జోన్ నియమాలు కూడా పాత వీధులకు తెలియకుండానే కీడు చేస్తున్నాయి. వీధి అంచునే అరుగు, పక్కింటితో ఉమ్మడి గోడ, లోపల వెలుతురుకు వాకిలి: ఇది పాత పేటల పద్ధతి. స్థలం పెరిగేకొద్దీ ముందు, పక్కల ఖాళీ వదలమనే నియమం కొత్త కాలనీకి ఆరోగ్యకరమే కానీ, పాత వీధిలో ఒక్కో ఇల్లు ఒక్కో గీత దగ్గర నిలబడి వరుస చెదిరిపోతుంది. వారసత్వ భవనంగా గుర్తించిన పాత ఇంటిని నిలుపుకునే యజమానికి కోల్పోయిన అంతస్తుల బదులు టీడీఆర్, అంటే ఆ నిర్మాణ హక్కును మరోచోట వాడుకునే లేదా అమ్ముకునే పత్రం, ఇచ్చే మార్గం 2012 భవన నియమాల్లో ఉంది. రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చినవారికి టీడీఆర్ గురించి చెప్పినంత గట్టిగా వీరికి ఎవరూ చెప్పరు.

కేంద్ర రక్షణలోని కట్టడానికి 300 మీటర్ల లోపు స్థలం ఉన్నవారు ముందు యాప్‌లో దూరం చూసుకుని, ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. తక్షణ అనుమతి దొరికింది కదా అని వరుస మార్చితే ఆ అనుమతే రద్దయ్యే ప్రమాదం ఉంది. వంద మీటర్ల లోపు ఇల్లున్నవారు 1992కు ముందు నాటి ఆస్తి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, దస్తావేజులు భద్రపరచుకోవాలి. ఒక్క గోడను కదిలించే ముందు ఇంటిని నాలుగు వైపులా ఫొటోలు తీయించి, కొలతలతో నమూనా గీయించి దగ్గర ఉంచుకోవాలి.