టెస్ట్ చేసింది ఒక పిల్లని, చేతిలో పెట్టింది ఇంకో పిల్లని: లాబ్రడార్ కుక్కపిల్లని కొనేవాళ్లు జాగ్రత్త

పోయిన శనివారం పిల్లని తెచ్చాం, నిన్న సాయంత్రం మోసం బయటపడింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. రాసేటప్పుడు వరస తప్పితే సర్దుకుని చదవండి.

సెలర్ పేరు రాయను. పసుపు లాబ్ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, మెడలకి రంగురంగుల రిబ్బన్లు కట్టి, "టెంపరమెంట్ (స్వభావం) టెస్ట్ చేసిన ఫ్యామిలీ పప్పీలు" అని రీల్స్ పెట్టే బాపతు మీకు తెలిసే ఉంటుంది. కొన్నది హైదరాబాద్‌లో మా అక్క వాళ్ల కోసం. ఇంట్లో అయిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచే అత్తగారు. 22 వేలకి బేరం, 8 వేలు అడ్వాన్స్, మిగతాది పిల్లని తీసుకునే రోజు. డబ్బు సంగతి అంతే. అసలు దెబ్బ టెస్ట్ దగ్గర పడింది.

పిల్లలు పుట్టిన 49వ రోజున వెళ్లి ఆ ఈతలో (ఒకే కాన్పులో) పుట్టిన అయిదింటినీ నేనే చూశాను. ఆ రోజే ఎందుకంటే, ఏడు వారాలకి పిల్ల చూపు, వినికిడి, మనిషి పిలుపుకి స్పందించడం అన్నీ కుదురుకుంటాయి. మంచిచెడు అనుభవాలు మాత్రం ఇంకా పెద్దగా పేరుకుని ఉండవు. 8 నుంచి 10 వారాల మధ్య చాలా పిల్లలకి భయం పట్టే దశ ఒకటి వస్తుంది. అప్పుడు చూస్తే ధైర్యమున్నది కూడా పిరికిగా కనబడొచ్చు. అయిదు వారాలకే "టెస్ట్ అయిపోయింది" అని ఎవరైనా అంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

నేను చేసింది వోల్‌హార్డ్ పద్ధతి, కుక్కపిల్ల స్వభావాన్ని అంచనా వేసే టెస్ట్. పది అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా అంకె. ఎక్కువ వస్తే గొప్ప అని కాదు. 1 అంటే కరిచి, కలబడి తన మాట నెగ్గించుకునేది. 6 అంటే మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టుండేది. 5 దగ్గర బెదురు మొదలవుతుంది. చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి ఎక్కువగా 4లు, మధ్యలో కొన్ని 3లు వచ్చింది కావాలి.

చేసే చోటు పిల్లకి కొత్తది కావాలి, చేసే మనిషీ కొత్తవాళ్లు కావాలి. అమ్మేవాడు తన షెడ్డులో తానే చేసి చూపించే టెస్ట్ చెల్లదు, ఎందుకంటే రోజూ అన్నం పెట్టే చేతి దగ్గరికి ఏ పిల్లయినా తోక ఊపుకుంటూ వస్తుంది. పది అడుగుల గది చాలు. ఒక్కో పిల్లని విడిగా తేవాలి. తిని రెండు మూడు గంటలు అయ్యుండాలి, నిద్ర మత్తు ఉండకూడదు, టీకా వేసిన రోజూ మర్నాడూ కాకూడదు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయాలి. ఈ వీడియో మాటే తర్వాత మళ్లీ వస్తుంది.

నాలుగడుగుల దూరంలో పిల్లని వదిలి, గొంతుక్కూర్చుని మెల్లగా చప్పట్లు కొట్టి పిలిచాను. ఆకుపచ్చ రిబ్బన్ పిల్ల తోక పైకెత్తి నేరుగా వచ్చి చేతులు నాకింది. లేచి నడిస్తే కాళ్లకి అడ్డం పడకుండా వెంట వచ్చింది. వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మీద అరచెయ్యి తేలిగ్గా ఆనించి 30 సెకన్లు ఉంచితే, మొదట కాళ్లు కొట్టుకుని తర్వాత సర్దుకుని నా మొహంలోకి చూసింది. ఈ చూపు ముఖ్యం. గింజుకోకుండా బిగుసుకుపోయి మొహం తిప్పుకునే పిల్లని చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అనుకుంటారు. అది భయం. 30 సెకన్లూ కరుస్తూ పెనుగులాడేది పసిపిల్లలున్న ఇంటికి పనికిరాదు. ఇక్కడ బలం వాడకూడదు. కుక్కకి లొంగుబాటు నేర్పడానికి కాదు ఇది, పట్టుకుంటే ఓర్చుకుంటుందా, మళ్లీ మనిషిని నమ్ముతుందా అని చూడటానికి.

తర్వాత తల మీద నుంచి నడుం దాకా నిమరడం, పొట్ట కింద రెండు చేతులూ పెట్టి నేలకి కొంచెం పైన 30 సెకన్లు ఎత్తి ఉంచడం. నలిపిన కాగితం ఉండ విసిరితే వెంటపడి నోట కరుచుకుని నా వైపే వచ్చింది. ఇలా తెచ్చే పిల్లకి తర్వాత ఏదైనా నేర్పడం తేలిక. ముందుకాలి వేళ్ల మధ్య పలచటి చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతూ ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచాలి. గోరు తగలకూడదు, పిల్ల కాలు లాక్కోగానే వదిలెయ్యాలి. రెండు అంకెలకే కుయ్యిమంటే ఒళ్లు సున్నితం. పసివాళ్లు తోక లాగే ఇంట్లో అలాంటి పిల్ల తట్టుకోలేదు, ఒకరోజు తిరగబడుతుంది.

మిగిలినవి చప్పుడు, కదిలే వస్తువు, గొడుగు. పిల్లకి కనబడకుండా పక్క నుంచి స్టీలు పళ్లెం మీద గరిటెతో ఒక్క దెబ్బ. తాడు కట్టిన తువ్వాలు నేల మీద ఈడవడం. అయిదడుగుల దూరంలో గొడుగు తెరిచి కింద పెట్టడం. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఉలిక్కిపడ్డాక ఎంతసేపటికి తేరుకుంది, ఆ వస్తువు దగ్గరికి వెళ్లి వాసన చూసిందా, అది చూడాలి. ఆకుపచ్చ పిల్ల పళ్లెం చప్పుడుకి వెనక్కి జరిగి, అయిదారు సెకన్లకే వచ్చి పళ్లేన్ని నాకింది. నీలం రిబ్బన్ పిల్ల కుర్చీ కిందకి దూరి, రెండు నిమిషాలు పిలిచినా రాలేదు. రెండూ మగవే, రంగూ సైజూ ఒకేలా ఉన్నాయి.

ఆకుపచ్చదానికి ఏడు 4లు, మూడు 3లు. అదే కావాలని చెప్పి అడ్వాన్స్ కట్టాం.

57వ రోజున, అంటే శనివారం, తీసుకోవడానికి వెళ్లాం. ఇంట్లోకి రమ్మనలేదు, గేటు దగ్గరికే తెచ్చాడు. మెడకి ఆకుపచ్చ రిబ్బన్. పిల్ల చేతిలో వేలాడుతూ నిద్రపోతోంది. "ఇప్పుడే పాలు పట్టాను సార్, దారిలో ఏడవకుండా ఉంటుంది. చాలా శాంతం" అన్నాడు. కార్లో బాబు ఎగురుతున్నాడు, వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. కింద దింపి నడిపించి చూడలేదు. ఇన్నేళ్లుగా అందరికీ చెప్పే మాటే నేను పాటించలేదు, ఆ బాధ నన్ను వదలడం లేదు.

ఇంట్లో కుక్కర్ కూత వినగానే పిల్ల మంచం కిందకి పోయి ఉచ్చ పోసుకుంది. కొత్త ఇల్లు కదా అని రెండు రోజులు ఆగాం. మూడో రోజూ అదే, నాలుగో రోజూ అదే. బాబు పరిగెడితే గోడకి అతుక్కుంటుంది, దగ్గరికొస్తే పెదవి పైకెత్తి పళ్లు చూపిస్తుంది. నిన్న టెస్ట్ వీడియోలు తీసి చూశాం. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు ఆకుపచ్చ పిల్ల పొట్ట మీద, బొడ్డుకి ఎడమ పక్కన, మిరియపు గింజంత నల్ల మచ్చ స్పష్టంగా ఉంది. ఇంట్లో ఉన్న పిల్లకి మచ్చ లేదు. నీలం రిబ్బన్ పిల్ల వీడియోలోనూ మచ్చ లేదు.

ఫోన్ చేసి, రెండు ఫోటోలు పంపి, మర్యాదగానే అడిగాను. కాదని కూడా అనలేదు. "లాబ్ అంటే లాబే కదా సార్, ఏ పిల్లయితే ఏంటి? ఆ పిల్లని ఇంకొకాయన ఎక్కువ ఇచ్చి తీసుకెళ్లాడు. మీకు నచ్చకపోతే రోడ్డు మీద వదిలెయ్యండి" అన్నాడు. ఆ చివరి మాట దగ్గర నా నోట మాట రాలేదు. డబ్బు తిరిగి ఇవ్వనన్నా అంత కోపం వచ్చేది కాదు. తన ఇంట్లో పుట్టిన రెండు నెలల ప్రాణి గురించి అన్న మాట అది! ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశాడు.

ఏ పిల్లయినా ఒకటి కాదు. ఒకే తల్లికి, ఒకే రోజు పుట్టిన అయిదింటిలో ఒకటి పళ్లేన్ని నాకుతుంది, ఒకటి కుర్చీ కింద దాక్కుంటుంది. మేం డబ్బు కట్టింది ఆ తేడాకే. టెస్ట్‌లో వచ్చిన అంకెలే జీవితాంతం ఉంటాయని నేను అనను. తల్లి గుణం, 3వ వారం నుంచి 12వ వారం దాకా పిల్ల చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు, వీటి ప్రభావం చాలా ఉంటుంది. డాబా మీద రేకుల షెడ్డులో పెరిగిన పిల్లకి మిక్సీ, కుక్కర్, కాలింగ్ బెల్ అన్నీ కొత్తే. అయినా ఎక్కడ మొదలుపెట్టాలో టెస్ట్ చెబుతుంది. పిరికి పిల్లని ఓపికున్న, పసిపిల్లలు లేని ఇంటికి ఇస్తే బాగుపడుతుంది. ఈ ఇంటికి ఇవ్వడం పిల్లకీ అన్యాయమే.

ఇక ఈ "శాంతం" అనే మాట. నిజంగా నెమ్మదైన పిల్ల కళ్లు తెరిచి చుట్టూ చూస్తుంది, ఒళ్లు వదులుగా ఉంటుంది, పిలిస్తే వస్తుంది, ఇస్తే తింటుంది. భయంతో ముడుచుకున్నది కూడా కూర్చోబెట్టిన చోటే కూర్చుంటుంది, కానీ తోక కాళ్ల మధ్య ఉంటుంది, చెవులు వెనక్కి అతుక్కుని ఉంటాయి, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, మూతి నాకుకుంటుంది, చేతిలో చికెన్ ముక్క పెట్టినా ముట్టదు. జబ్బు పడినదీ, మత్తు ఇచ్చినదీ కూడా శాంతంగానే ఉంటాయి. నిలబెడితే తూలడం, కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర పైకి రావడం, చిగుళ్లు పాలిపోవడం చూడండి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. నిద్రపోతున్న పిల్లని ఎవరిచ్చినా తీసుకోకండి. అది లేచేదాకా అక్కడే కూర్చోండి, గంటయినా సరే.

తల్లిని చూపించమంటే "ఊళ్లో ఉంది" అంటే అక్కడితో ఆపెయ్యండి. పాలిచ్చే తల్లికి చన్నులు వేలాడుతూ కనబడతాయి, వేరే ఆడకుక్కని తెచ్చి నిలబెడితే తెలిసిపోతుంది. కొత్తవాళ్లని చూసి మొదట మొరగడం సహజం. అయిదు నిమిషాలయ్యాక కూడా యజమాని వెనక వణుకుతూ నక్కే తల్లి అయితే దాని పిల్లల్ని ఒకటికి రెండుసార్లు చూడాలి. ఈతలో ఒక్క పిల్లనే చూపిస్తే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

వయసు కోసం నోరు తెరిచి చూడండి. ఎనిమిది వారాలకి పాలపళ్లు 28 ఉంటాయి. వెనక పళ్లు ఇంకా రాలేదంటే వయసు తక్కువ. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టర్ అయ్యుండాలి, కుక్కకి మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉండాలి. వ్యాక్సిన్ కార్డులో సీసా మీది స్టిక్కర్, డాక్టర్ ముద్ర, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. మాకిచ్చిన కార్డులో ఉన్నది బాల్‌పెన్ రాత ఒక్కటే. దాన్నీ నేను ఇంటికొచ్చాకే చూశాను.

పిల్లని వదిలే ప్రశ్నే లేదు. ప్రస్తుతానికి బాబుకి దూరంగా మా ఇంట్లో ఉంది. కుక్కర్ కూతని ఫోన్‌లో రికార్డు చేసి, బాగా తక్కువ సౌండుతో వినిపిస్తూ, కూత వచ్చిన ప్రతిసారీ ఉడికించిన చికెన్ తునక ఇస్తున్నాం. తినడం మానేసిందంటే సౌండ్ ఎక్కువైందని అర్థం, వెంటనే తగ్గించాలి. దాక్కున్న చోటు నుంచి లాగడం, "భయపడకు" అని బలవంతంగా ఎత్తుకోవడం చెయ్యకూడదు.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, రాష్ట్ర మండలికి కూడా వీడియోలతో పంపుతున్నాను.

ఇప్పటికే ఎక్కడైనా అడ్వాన్స్ కట్టి ఉన్నవాళ్లు ఈ రెండు పనులు చెయ్యండి. ఎంచుకున్న రోజే పిల్ల పొట్ట, అరికాళ్లు, ముక్కు ఫోటోలు తీసుకోండి, చిప్ ఉంటే దాని 15 అంకెలూ రాసుకుని, మీరు ఎంచుకున్నది ఈ పిల్లేనని వాట్సాప్‌లో సెలర్ చేత ఒప్పించుకోండి. తీసుకునే రోజు పిలుపు, పళ్లెం చప్పుడు, ఈ రెండు టెస్టులూ మళ్లీ చేశాకే మిగతా డబ్బు పంపండి. రిబ్బన్‌ని మాత్రం నమ్మకండి, అది ఏ మెడకైనా పడుతుంది.