పన్నెండేళ్ల తర్వాత నా ఫీడ్ రీడర్‌లో మిగిలిన బ్లాగులు

కర్నూలులో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పుకునే నేను కూడలి, హారం వంటి సంకలినుల (అనేక బ్లాగుల కొత్త రాతలను ఒకేచోట చూపే సైట్ల) ద్వారా తెలుగు బ్లాగులకు అలవాటుపడి, తర్వాత ఆంగ్లంలోని సాంకేతిక, కళా బ్లాగుల వైపు మళ్లాను. ఒకప్పుడు నా ఫీడ్ రీడర్‌లో, అంటే నచ్చిన బ్లాగుల కొత్త రాతలను ఒకేచోటికి తెచ్చిపెట్టే సాధనంలో, 140 బ్లాగులుండేవి. ఇప్పుడు మిగిలినవి పదకొండు, వాటిలో ఇతరులకు చెప్పదగినవి నాలుగు. చదివిన టపా (బ్లాగు వ్యాసం) నా చేత ఏదైనా పని చేయించిందా అన్నదే నా కొలత.

ఆ కొలతకు మొదట నిలిచేది క్రిస్ డి డెకర్ 2007లో ప్రారంభించిన లో-టెక్ మ్యాగజైన్. మరుగునపడిన పాత పద్ధతులు నేటి అవసరాలకు ఎంతవరకు పనికొస్తాయో ఇందులో లెక్కలతో సహా చర్చిస్తారు. 2018 నుంచి దీనికి బార్సిలోనాలోని ఒక బాల్కనీలో పెట్టిన సౌర పలకతో నడిచే మరో సైటు ప్రతి కూడా ఉంది. బొమ్మలను చుక్కలుగా కుదించడం వల్ల పేజీలు తేలికగా ఉంటాయి. వెనుక పరుచుకున్న పసుపు రంగు బ్యాటరీలో ఎంత శక్తి మిగిలిందో చూపుతుంది. అక్కడ వరుసగా మబ్బు పడితే సైటే ఆగిపోతుంది. ఓర్వకల్లు ప్రాంతంలో 1,000 మెగావాట్ల సౌర పార్కును పక్కన పెట్టుకుని, బార్సిలోనాలో ఎండ కాయలేదని ఇక్కడ పేజీ కోసం ఎదురుచూడడం మొదట్లో నాకు నవ్వు తెప్పించింది.

ఇందులోనే, మరిగిన గిన్నెను గడ్డి కూరిన పెట్టెలో ఉంచి మిగతా వంటను ఆ వేడితోనే పూర్తిచేసే పద్ధతి గురించి చదివి, అట్టపెట్టెలో వరిగడ్డి, పాత దుప్పటి కూరి కందిపప్పు పెట్టాను. రెండు గంటల తర్వాత మూత తీసి చూసిన మా అమ్మ, "బద్దలు లెక్కపెట్టుకోవచ్చు కదరా" అన్నది. తప్పు పెట్టెది కాదు, మా బోరు నీళ్లది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీటిలో పప్పు త్వరగా మెత్తబడదు. ముందుగా నానబెట్టి, ఫిల్టరు నీళ్లతో మళ్లీ చేసినప్పుడు మెదపడానికి పప్పుగుత్తి అవసరం కూడా అంతగా రాలేదు. ఈ బ్లాగులో లోపమల్లా ఏడాదికి వచ్చే వ్యాసాలు బహు తక్కువ కావడమే.

సొంతంగా చేసుకునే ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులను పరిచయం చేసే హ్యాకడే 2004లో మొదలైంది; ఇది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. రోజుకు వచ్చే టపాలన్నీ చదవాలనుకుంటే ఉద్యోగం మానుకోవాలి. చాలా టపాలు క్లుప్తమైన పరిచయాలే గనుక అసలు వివరాల కోసం మూల ప్రాజెక్టు పేజీకి వెళ్లక తప్పదు, వ్యాఖ్యలలోనేమో తగవులు ఎక్కువ. అయినా ఇక్కడ చూసిన ఒక ప్లాటరును (పెన్నుతో గీతలు గీసే యంత్రాన్ని) ఆదర్శంగా తీసుకుని మా విద్యార్థులు పాడైన ప్రింటర్లలోని, కొద్దికొద్దిగా అంచెలుగా తిరిగే స్టెప్పర్ మోటార్లతో ముగ్గులు గీసే యంత్రం తయారుచేశారు. బెల్టు వదులుగా ఉన్నందున మెలికల ముగ్గు చివర గీత మొదటి గీతతో కలవలేదు; బిగించాక కలిసింది.

నాసాలో పనిచేసిన రాండల్ మన్రో 2005 నుంచి నడుపుతున్న వెబ్ కామిక్ ఎక్స్‌కేసీడీ వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తుంది. కేవలం పుల్లబొమ్మలతో భౌతికశాస్త్రాన్నీ గణితాన్నీ నవ్వులాటగా చెబుతుంది. 2013లో ఒకే బొమ్మను గంటగంటకూ మారుస్తూ మూడు వేలకు పైగా చిత్రాలతో నాలుగు నెలలు సాగించిన కథను నేను రోజూ ఉదయం పళ్లు తోముకోకముందే చూసేవాణ్ని. బొమ్మ మీద మౌసు పెడితే కనిపించే రెండో చమత్కారాన్ని వదలకండి. ఫోనులోనైతే దాని మొబైల్ పేజీ తెరవాలి.

చిత్రకళ, హస్తకళల కోసం 2010లో వచ్చిన కొలోసల్ చాలు. కాగితం, దారం, కలపతో చేసిన పనులు చూడముచ్చటగా ఉంటాయి కానీ వరుసగా చూస్తే ఒకే తీరు అనిపిస్తుంది. దానిని నాకంటే మా అమ్మాయే ఎక్కువ చూస్తుంది.

ఈ మూడింటినీ ఒకే అరలో ఉంచుకున్నాను. హ్యాకడేను మాత్రం వేరుగా పెట్టి, ఆదివారం రాత్రికి చదవకుండా మిగిలినవన్నీ తుడిచేస్తాను.