ఆల్గోంక్విన్‌లో చలికాలం చివర ఒక్క రోజు: ఫీడర్ దగ్గరా, బాగ్‌లోనా, ఒపియోంగో రోడ్డు మీదా?

టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు ఉండే మనవాళ్లకు ఒంటారియోలోని ఆల్గోంక్విన్ పార్కు అంటే అక్టోబర్‌లో ఎర్రబడ్డ మేపుల్ చెట్లే. ఆ రంగుల కోసం కిలోమీటర్ల కొద్దీ కార్లు బారులు తీరే, పార్కు గుండా వెళ్లే హైవే 60 ఫిబ్రవరి చివరికి దాదాపు ఖాళీ. అప్పుడు వచ్చేవాళ్లలో చాలామంది మెడలో బైనాక్యులర్లు ఉంటాయి. ఒక్కరోజులో వెళ్లి రావాలనుకుంటే మూడు గంటల డ్రైవ్ పోగా పగటి వెలుగు కొంచెమే మిగులుతుంది. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలన్నదే అసలు లెక్క.

పక్షుల కోసం వెళ్లేవాళ్లు ముఖ్యంగా చెప్పుకునే చోట్లు మూడు, మూడూ పక్కపక్కనే. పడమటి గేటు నుంచి కొలిస్తే స్ప్రూస్ బాగ్ బోర్డ్‌వాక్ (సూదాకుల స్ప్రూస్ చెట్లున్న చిత్తడి నేల మీద చెక్కబాట) 42.5వ కిలోమీటరు దగ్గర, విజిటర్ సెంటర్ 43 దగ్గర, ఒపియోంగో రోడ్డు మలుపు 46.3 దగ్గర. దగ్గరున్నాయి కదా అని మూడింటికీ సమానంగా టైమ్ పంచితే ఏదీ సరిగ్గా చూసినట్టుండదు.

సులువైనది విజిటర్ సెంటర్. పక్షులకు మేత పెట్టే ఫీడర్లలో గింజలు ఉంటాయి, పక్షులే మన దగ్గరికి వస్తాయి. ఈవెనింగ్ గ్రోస్‌బీక్‌ను నేను చూడమనేది ఇక్కడే. లావు ముక్కు, పసుపు ఒళ్లు, గింజ కోసం పక్కదాన్ని నెట్టేసే దురుసుతనం. పైన్ మార్టెన్ అనే చిన్న వేటజంతువు కూడా అప్పుడప్పుడు ఫీడర్ ఎక్కుతుంది. చిన్నపిల్లలతోనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతోనో వెళ్తే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. అయితే శీతాకాలంలో ఏయే రోజులు తెరుస్తారో ముందే చూసుకోండి. వెనక డెక్ మీంచి సండే క్రీక్ లోయంతా కనిపిస్తుంది, బైనాక్యులర్లతో ఓసారి అటు వెతకడం మరవద్దు.

కానీ బోరియల్ (ఉత్తరాది చలి ప్రాంతపు) అడవి పక్షుల కోసమే ఇంత దూరం వచ్చారనుకోండి. కెనడా జే, స్ప్రూస్ గ్రౌస్ (అడవికోడి లాంటిది), బ్లాక్ బ్యాక్డ్ వుడ్‌పెకర్ (వడ్రంగిపిట్ట), బోరియల్ చికడీ (చిన్న పిట్ట): పక్షుల వాళ్లు ఇక్కడ జపించే నాలుగు పేర్లు ఇవి. ఈ నాలుగింటికీ ఫీడర్‌ను నమ్ముకోకూడదు. ఆల్గోంక్విన్ నిజానికి రెండు అడవులు కలిసే చోటు. గుట్టల మీద మేపుల్, పల్లపు తడి నేలల్లో నల్ల స్ప్రూస్, టమరాక్. ఉత్తరాది పక్షులు ఆ పల్లాలనే పట్టుకుని బతుకుతాయి. అందుకే నా ఓటు స్ప్రూస్ బాగ్‌కి.

దారి చుట్టూ తిరిగి వస్తే 1.5 కిలోమీటర్లే. అరగంటలో ముగించేవాళ్లను చూస్తే జాలేస్తుంది. స్ప్రూస్ గ్రౌస్ చలికాలమంతా స్ప్రూస్, పైన్ సూదులు తింటూ చెట్టు మీద కదలకుండా కూర్చుంటుంది. నడిచేవాడి తల మీదే ఉన్నా కనపడదు. ఆగి ఒక్కో చెట్టూ చూడాలి. వుడ్‌పెకర్‌కు ఇంకో గుర్తుంది: ఎండిన స్ప్రూస్ మాను మీద బెరడు పొలుసులు రాలిపోయి ఎర్రటి మచ్చలు కనిపిస్తే అక్కడ నిలబడి, మెల్లగా తట్టే చప్పుడు కోసం వినండి.

కెనడా జే సంగతి వేరు, అదే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. ఈ కాకి జాతి పక్షి ఫిబ్రవరి చివర్లో, చుట్టూ మంచు ఉండగానే గూడు కట్టడం మొదలుపెడుతుంది. శరదృతువులో జిగురు లాలాజలంతో చెట్ల బెరడు కింద అతికించి దాచుకున్న తిండే దానికి ఆధారం. ఈ పార్కులో 1960ల నుంచి వీటి కాళ్లకు రంగు రింగులు తొడిగి అధ్యయనం చేస్తున్నారు, సంఖ్య సగానికి పైగా పడిపోయింది. శరదృతువు వెచ్చబడి దాచిన తిండి చెడిపోతోందన్నది పరిశోధకులు చెప్పే ముఖ్య కారణం. మీకు కనిపించిన జే కాళ్ల రింగుల రంగులు, ఏ కాలికి ఏది అన్నది రాసుకోండి.

ఒపియోంగో రోడ్డు ఈ రెండింటికీ మధ్యరకం. చలికాలంలో గేటు దాకే కారు వెళ్తుంది, అక్కణ్నుంచి నడక. చదునైన దారి, బాగ్ కన్నా విశాలమైన చూపు. క్రాస్‌బిల్‌లు, సిస్కిన్‌లు అనే గింజలు తినే చిన్న పిట్టలు ఉప్పు కోసం, ఇసుక రేణువుల కోసం రోడ్డు మీదే వాలతాయి. కారు నెమ్మదిగా నడపమనేది అందుకే, టైర్ల కింద పడి చచ్చేవీ ఉన్నాయి. అయితే ఇవి ఏటా రావు. స్ప్రూస్ కోన్లు బాగా కాసిన ఏడు గుంపులుగా దిగుతాయి, కాయని ఏడు ఒక్కటీ కనపడకపోవచ్చు.

మిజ్జీ లేక్ దగ్గర పాత రైలుమార్గం ఈ మూడింటికన్నా మంచిదని వాదించేవాళ్లున్నారు. నిజమే కావచ్చు, కానీ స్నోషూలతో (మంచులో దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పు తొడుగులు) రోజంతా పోతుంది. ఒక్కరోజు యాత్రలో దాన్ని కలపకండి.

ఫిబ్రవరా, మార్చా అంటే నేను మార్చి మొదటి సగం అంటాను. పగలు పెరుగుతుంది, వుడ్‌పెకర్‌లు గట్టిగా డోలు కొట్టడం మొదలుపెడతాయి, వినికిడి సగం పని చేసిపెడుతుంది. ఫిబ్రవరిలో చలికి కెమెరా బ్యాటరీ చచ్చిపోతుంది. మార్చి తంటా వేరు: మధ్యాహ్నం కరిగింది రాత్రికి గడ్డకట్టి బోర్డ్‌వాక్ గాజులా జారుతుంది. బూట్లకు మేకుల పట్టీలు లేకుండా దిగొద్దు. పెట్రోలు హంట్స్‌విల్‌లోనే నింపుకోండి, పార్కు పర్మిట్ ముందే కొనుక్కోండి, సెల్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాప్ దించుకోండి.

నా లెక్కలో పొద్దున్నే నేరుగా బాగ్‌కు, రెండు గంటలకు తగ్గకుండా. తర్వాత చేతులు వెచ్చబెట్టుకోవడానికి విజిటర్ సెంటర్. ఒపియోంగో మధ్యాహ్నానికి. బయల్దేరే ముందు ఈబర్డ్‌లో (జనం తాము చూసిన పక్షులను నమోదుచేసే వెబ్‌సైట్) ఆ వారం లిస్టులు చూడండి. క్రాస్‌బిల్‌ల జాడే లేకపోతే ఒపియోంగోకు గంట చాలు, మిగిలిన టైమ్‌లో బాగ్ ఇంకో చుట్టు తిరగండి.