తెరకి వాసన ఉండదు: కుక్క చెప్పే ప్రయాణపు సైట్ల సంగతులు

ఊరెళ్దాం అనగానే మీరు ల్యాప్‌టాప్ తెరుస్తారు, మేం తోక ఊపుతాం. మీ తెరకి వాసన లేదు కాబట్టి అందులో కనిపించేది మాకు సగం సమాచారమే. మిగతా సగం ఏ సైట్లో ఎక్కడ తవ్వితే దొరుకుతుందో చెబుతాను.

ముందు బస. ఇళ్లు అద్దెకి దొరికే ఎయిర్‌బీఎన్‌బీలో పెంపుడు జంతువులకి అనుమతి ఉన్న ఇళ్ల ఫిల్టర్ పెట్టేసి పనైపోయింది అనుకుంటారు. అతిథుల లెక్క వేసేచోట పెద్దలు, పిల్లలు, పసివాళ్ల కింద 'పెట్స్' అని ఇంకో వరస ఉంటుంది. అక్కడ నన్ను లెక్కపెట్టకపోతే, ఆ ఇంటికి పెట్ ఫీజు ఉన్నా మొత్తంలో కలవదు. గుమ్మం ముందు నిలబడ్డాక ఆ పేచీ మొదలవుతుంది. బుకింగ్ డాట్ కామ్‌లో ఫిల్టర్ దాటి వచ్చిన హోటల్ కూడా కింద నియమాల్లో 'ముందుగా అడగాలి, చార్జీ ఉండొచ్చు' అనొచ్చు. అడగకుండా వెళ్తే అనుమతి ఉన్నట్టు కాదు.

మెసేజ్ పెట్టేటప్పుడు 'కుక్కని తేవచ్చా' అని ఒక్క ముక్కలో అడక్కండి. బరువు పరిమితి ఎంత, గదిలో ఒంటరిగా వదలొచ్చా, ప్రహరీ చుట్టూ మూసి ఉందా అని విడివిడిగా అడగండి. సైట్లోని మెసేజ్‌లోనే అడిగితే జవాబు రాతలో మిగులుతుంది. ఫొటోల్లో మీరు పరుపు చూస్తారు, నేనైతే గేటు కింద సందు చూస్తాను. జూమ్ చేయండి: నా తల పట్టే సందులోంచి ఒళ్లు కూడా దూరిపోవచ్చు. నున్నటి టైల్స్ అయితే ముసలి కుక్కలకి కాళ్లు జారతాయి, ఒక గరుకు చాప సర్దుకోవాలి. రివ్యూల్లో 'డాగ్' అనే మాట వెతికితే పక్కింటి మొరుగుడు కూడా బయటపడుతుంది.

నడక దారులకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నాకు ఇష్టం. 2004లో మొదలైన ఈ మ్యాపుని జనమే గీస్తున్నారు. దాని సమాచారంలో వెతికే ఓవర్‌పాస్ టర్బో సైట్లో వెళ్లే ప్రాంతాన్ని దగ్గరగా తెచ్చుకుని, 'విజార్డ్' అనే బటన్ నొక్కి, ఇంగ్లీషు అక్షరాల్లో 'లీజర్=డాగ్_పార్క్' అని కొట్టండి ('డాగ్', 'పార్క్' మధ్య కింది గీత మరవొద్దు). మ్యాపు మరీ వెడల్పుగా ఉంటే సమాచారం బరువెక్కి బ్రౌజర్ మొరాయిస్తుంది. ఏమీ రాకపోతే పార్కు లేదని కాదు, ఎవరూ గీయలేదేమో. తర్వాత వీధుల ఫొటోలు చూపే గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఆ వీధి తిరిగి మెట్లు, తెరిచిన కాలవలు, ఫుట్‌పాత్ చూడండి. బొమ్మ ఏ ఏడాదిదో చూడకుండా మాత్రం నమ్మొద్దు.

సూర్యుడి దారి చూపే సన్‌కాల్క్ సైట్‌ని మా పాదాల కోసమే చేశారేమో అనిపిస్తుంది. తేదీ, సమయం పెడితే ఎండ ఏ దిక్కు నుంచి వస్తుందో గీత గీసి చూపిస్తుంది, దాన్నిబట్టి నీడ ఏ వైపున పడుతుందో తెలుస్తుంది. మేఘాల సంగతి, తారు వేడి సంగతి దానికి తెలియవు. రోడ్డు మీద అరచేతి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే నన్ను నడిపించకండి.

విమానం కార్గోలో అయితే పెట్టె కొలతే అసలు పరీక్ష. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ లెక్క ఇది: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా పొడవు, దానికి నేల నుంచి మోచేతి ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. 60 సెంటీమీటర్ల కుక్కకి మోచేయి 30 ఎత్తులో ఉంటే 75 కావాలి. వెడల్పుకి భుజాల అడ్డం కొలతకి రెట్టింపు. ఎత్తుకి నిలబడినప్పటి కొలత, పరుపు మందం. నిక్కపొడిచే చెవులుంటే తల దాకా కాదు, చెవి కొస దాకా కొలవాలి. అందరూ తప్పేది ఇక్కడే. చప్పిడి ముక్కు జాతులకి పెట్టె ఇంకో పది శాతం పెద్దదుండాలి.

తప్పిపోతే ఎలా? మెడపట్టీకి తగిలించే ఆపిల్ బిళ్ల ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ లేదు, చుట్టుపక్కల ఆపిల్ పరికరాలుంటేనే జాడ చెబుతుంది. అడవిలో దాన్ని నమ్ముకోవడం కుక్క పని గాడిద చెయ్యబోయినట్టే. సిమ్ ఉన్న జీపీఎస్ పట్టీకి చార్జింగ్, సిగ్నల్ రెండూ కావాలి. చర్మం కింది మైక్రోచిప్ జాడే చెప్పదు, స్కానర్ దగ్గరికి తెస్తే 15 అంకెల నంబరు ఇస్తుంది, అంతే. ఆ నంబరుని చిప్ యజమానుల వివరాలుండే రిజిస్ట్రీ సైట్లో వెతికితే మీ పాత ఫోన్ నంబరు వచ్చిందా, నన్ను పట్టుకున్నవాళ్లు ఎవరికో ఫోన్ చేస్తూ కూర్చుంటారు. బయల్దేరే ముందు లాగిన్ అయి మార్చేయండి, నేనీలోగా మెడపట్టీ నోట కరుచుకుని గుమ్మం దగ్గరుంటాను.