499 రూపాయల స్టార్ల కిట్: గంట భలే, చార్టు దండగ

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ క్లాస్‌రూమ్ రివార్డ్ కిట్‌ని జూన్ నుంచి దసరా సెలవుల దాకా మా రెండో తరగతిలో వాడాక రాస్తున్నాను, డబ్బా విప్పిన రోజే ఐదు స్టార్లు కొట్టేసే బాపతు కాదు. కంపెనీ పేరు చెప్పను, ఎలాగూ ఇదే సరుకు పది పేర్లతో దొరుకుతోంది. లోపల ఉన్నవి: బల్ల మీద పెట్టుకునే నొక్కుడు గంట, స్టార్ స్టిక్కర్ల రోల్, ఇంకు ప్యాడ్ అక్కర్లేని స్టాంపులు రెండు, పిల్లల పేర్లు రాసి గోడకు తగిలించే చార్టు, ఏడుపు మొహాలున్న ఎర్ర కార్డులు, ఒక కరపత్రం.

ముందు గంట. డీఎస్సీకి చదివినవాళ్లకు గంట అనగానే పావ్‌లోవ్ కుక్క గుర్తొస్తుంది, గంట కొట్టి తిండి పెట్టీ పెట్టీ చివరికి ఉత్త గంటకే దానికి చొంగ కారేలా చేశాడు ఆ రష్యన్ శాస్త్రవేత్త (ఆయన టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ లాంటివీ వాడాడు గానీ మనకు పరీక్షలో ఎప్పుడూ గంటే). నేనూ ఆ ధీమాతోనే మొదటి వారమంతా టింగు టింగుమనిపించాను, 34 మందిలో ఒక్కరూ తల తిప్పలేదు. తప్పు వాళ్లది కాదు, కుక్కకైనా గంట వెనకాల తిండి వచ్చింది కదా, వీళ్లకు నా గంట వెనకాల ఏమొచ్చిందని? రెండో వారం నుంచి గంట కొట్టి, క్లాసు సద్దుమణగగానే కథలో ఒక్క ముక్క చెప్పి, నక్క బావిలో పడింది అన్న దగ్గర ఆపేసేదాన్ని, తర్వాతి ముక్క మళ్లీ గంట మోగినప్పుడే. పది రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం రోడ్డు మీద పుల్లైసు బండివాడు గంట కొట్టుకుంటూ పోతుంటే క్లాసు మొత్తం గప్‌చుప్‌గా చేతులు కట్టుకుని నా మొహం వంక చూసింది! ఒక గంటకు అలవాటైతే అలాంటి ఏ గంటకైనా అలాగే స్పందించడాన్ని సామాన్యీకరణం అంటారని పుస్తకంలో బట్టీపట్టానే గానీ కళ్లతో చూడటం అదే మొదటిసారి. మధ్యలో జ్వరం తగ్గాక నీరసంగా ఉండి నాలుగు రోజులు కథ చెప్పలేకపోతే గంటకు విలువ సగం పడిపోయింది, దాన్నే విరమణ అంటారు.

స్టాంపులు కూడా బాగున్నాయి, ఇంకు ఇంకా అయిపోలేదు. అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ 1953లో తన కూతురి లెక్కల క్లాసు చూడటానికి వెళ్లి, పిల్లలు చేసిన లెక్క తప్పో ఒప్పో అప్పటికప్పుడు తెలియడం లేదని గమనించాడట, జవాబు తప్పో ఒప్పో వెంటనే చెప్పే ఆయన టీచింగ్ మెషీన్‌కి బీజం అక్కడే పడింది. మన దగ్గరా అంతే కదా, నోట్సులు కట్టగట్టి ఇంటికి మోసుకెళ్లి, దిద్ది మర్నాడు ఇస్తే వాడికి నిన్నటి లెక్క గుర్తే ఉండదు. ఇప్పుడు స్టాంపు చేత్తో పట్టుకుని బెంచీల మధ్య తిరుగుతూ అక్కడే ఠప్పున వేస్తున్నాను.

స్టిక్కర్ల దగ్గరే అసలు తంటా. గమ్ము నాసిరకం, నోటుబుక్కు మీద కంటే నుదుటి మీద బాగా అంటుకుంటుంది, అది పక్కన పెట్టండి. కరపత్రంలో "ముందే చెప్పి, ప్రతిసారీ ఇవ్వండి" అని ఉంది, అలాగే ఇచ్చాను. మూడు వారాలకు "టీచర్, ఇది రాస్తే ఎన్ని స్టార్లు?" అన్న బేరం మొదలైంది. బొమ్మలంటే ప్రాణం పెట్టే పాప, రోజూ అడగకుండానే నెమలి వేసి తెచ్చేది, స్టార్ ఇవ్వని రోజు పలక పక్కన పెట్టేసింది. నా గుండె జారిపోయింది. 1973లో లెప్పర్ అనే మనస్తత్వవేత్త బృందం నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగంలో సరిగ్గా ఇదే జరిగింది: బొమ్మలు వేస్తే బహుమతి ఇస్తామని ముందే ఆశపెట్టిన పిల్లలు, ఆ తర్వాత తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే, చెప్పకుండా చివర్లో ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. అందుకే బొమ్మలకు స్టార్లు పూర్తిగా ఆపేశాను. ఎక్కాలకు మాత్రం, ఎవరికీ ఇష్టం లేదు కాబట్టి, ఎప్పుడిస్తానో చెప్పకుండా ఒకసారి రెండు ఎక్కాలు చెప్పాక, ఒకసారి ఏడు చెప్పాక ఇస్తున్నాను. పాపం ఆ పాప మళ్లీ నెమలి వేయడానికి నెల పైనే పట్టింది.

చార్టు వారానికే తీసేశాను. పైన ఉన్న నలుగురు పైనే ఉంటారు, కింద ఉన్నవాడు దాని వంక చూడటమే మానేస్తాడు.

ఎర్ర కార్డుల గురించి ఒళ్లు మండి రాస్తున్నాను. కరపత్రం వాటిని "నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్" అంటోంది, కాదు బాబూ, అది శిక్ష. "క్లాసులోనే పది లెక్కలు చేస్తే హోంవర్కు లేదు" అంటాం చూడండి, బరువు తీసేస్తే పని పెరుగుతుంది, అదీ నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్, మన పుస్తకాల్లో ఋణాత్మక పునర్బలనం. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, పేరు పక్కన ఏడుపు మొహం తగిలిస్తే అది ఎందులోకి వస్తుందో మీరే చెప్పండి. అయినా ఒక్కసారి వాడి చూశాను, ఒప్పుకుంటున్నాను. వెనక బెంచీవాడికి ఒక కార్డు ఇస్తే క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వాడు, మర్నాడు వచ్చీ రాగానే "టీచర్, ఇవాళ నాకు ఎర్రది లేదా?" అన్నాడు. అందరూ తనవైపు చూడటమే వాడికి స్టార్ అయి కూర్చుంది.

మొత్తానికి ఐదుకు మూడు ఇస్తాను. గంట, స్టాంపులు విడిగా దొరికితే అవే కొనుక్కోండి, 499 పెట్టక్కర్లేదు. ఎర్ర కార్డులకు వెనకవైపు గుణింతాలు రాసి వాడుకుంటున్నాను, అట్ట మాత్రం గట్టిది.